ఊలు గ్లౌజులు

చేప పడింది. 15 అంగుళాల బాస్, జనవరిలో, మన కుంటలోనే. సంతోషం అంతటితో సరి. రాత్రి పదకొండున్నరకి నన్నిలా కూచోబెట్టింది మాత్రం ఒక జత ఊలు గ్లౌజులు.

మరిది సంగతి మీకు తెలిసిందే. పండక్కి వచ్చాడు, ఇంకా ఉన్నాడు. మధ్యాహ్నం నేను గాలాలు సర్దుకుంటుంటే "చలికాలం చేపలు నిద్రపోతాయి కదా వదినా" అన్నాడు. నిద్రా? టెక్సాస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, లేక్ ఫోర్క్‌లో పడింది 1992 జనవరి 24న. బాస్ ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది. నీళ్లు చల్లబడితే తిన్నది అరగడానికి రోజులు పడుతుంది కాబట్టి తిండి కోసం వెంటపడదు. మూతి ముందుకొచ్చి ఆగినదాన్ని మాత్రం వదలదు.

అందుకే ఈ నెలల్లో నా డబ్బాలో మూడు ఎరలే ఉంటాయి. మొదటిది నెడ్ రిగ్: పుట్టగొడుగు ఆకారంలో 1/10 ఔన్సు సీసం తల, దానికి రెండున్నర, మూడు అంగుళాల ప్లాస్టిక్ పుల్ల, బురదాకుపచ్చ రంగు. తేలే రకం పుల్లే కొనాలి. సీసం అడుగున కూచున్నాక తోక పైకి నిలబడి దానంతటదే ఊగుతుంటుంది, మన చెయ్యి కదలక్కర్లేదు. (ఆ తేలే రకాన్ని మామూలు ప్లాస్టిక్ పురుగులతో కలిపి పెట్టారో, రెండూ కరిగి ముద్దయిపోతాయి. నాకు ఒక డబ్బా మొత్తం అట్లపిండి అయింది.) రెండోది 3/16 ఔన్సు జిగ్, అంటే సీసం తల, కుచ్చు ఉన్న కొంకి, ఆ కుచ్చు సగానికి కత్తిరించి. మూడోది నీళ్ల మధ్యలో నిలిచిపోయే జెర్క్‌బెయిట్, చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ఎర. దీన్ని ముందు కాళ్ల దగ్గర వేసి చూసుకోవాలి. వేసవిలో సరిగ్గా నిలిచిందే చన్నీళ్లలో మెల్లగా పైకి లేస్తుంది, చన్నీళ్లు బరువు కదా. లేస్తే పొట్ట కింద చిన్న సీసం బిళ్ల అంటించాలి. లైను 8 పౌండ్ల బరువు ఆపే ఫ్లూరోకార్బన్, ఒక రకం ప్లాస్టిక్ దారం. అంతకంటే లావైతే చలికి బిగుసుకుని రీలు మీంచి స్ప్రింగులా చుట్టలుగా దిగుతుంది, కాటు చేతికి తెలియదు.

వేశాక ఆగడమే పని. పదిహేను సెకన్లు ఆగండి అంటే ఎవరూ ఆగరు, అంకెలు గబగబా లెక్కపెట్టేస్తారు. నేను పదమూడో ఎక్కం చదువుతాను, మనసులో, తడుముకుంటూ. పదమూడు పదులు నూట ముప్పై దగ్గర ఒక చిన్న కదలిక, మళ్లీ మొదటికి.

ఇక ఎక్కడ వెయ్యాలి? చలికాలం అంటే లోతు. ఇక్కడ ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు. కట్ట కింద తూము ముందు ఎనిమిదడుగులుంటుంది, కుంట మొత్తానికి అదే అన్నిటికంటే ఎక్కువ లోతు. ఇవాళా అక్కడే నిలబడ్డాను, నలభై నిమిషాలు. ఎక్కం తప్ప ఏమీ రాలేదు.

ఆ నమ్మకం 2021 ఫిబ్రవరిలో పట్టుకుంది. టెక్సాస్ అంతా గడ్డకట్టిన ఆ వారం గుర్తుందిగా, కరెంటు లేక అందరం ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని కూచున్నాం. 16వ తేదీన డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్. కుంటలో ఫౌంటెన్ చుట్టూ మాత్రం కాస్త నీళ్లు కనబడుతుండేవి, మోటారు ఆగాక అదీ మూసుకుపోయింది. ఎవరి పిల్లలో ఇద్దరు మంచు మీదికి దిగితే నేను గట్టు మీంచి తెలుగులో అరిచాను, అర్థమైనట్టే ఉంది, వెనక్కొచ్చారు. మనిషి నడవాలంటే నాలుగంగుళాల గట్టి మంచు ఉండాలి, గట్టు మీద నిలబడి చూస్తే ఆ మందం తెలియదు. అంత చలిలోనూ అడుగున చేపలు బతికే ఉన్నాయి. నీరు 39 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర అన్నిటికంటే బరువు, ఇంకా చల్లబడితే తేలికై పైకొచ్చి అక్కడ గడ్డకడుతుంది. అంటే మంచు కింద వెచ్చదనమంతా అడుగునే. మంచు కరిగిన రోజు తూము ముందు జిగ్ వేసి రెండు పట్టాను. ఇన్నేళ్లూ నా చేత లోతు, లోతు అనిపించింది ఆ రెండు చేపలే.

మరిదికి దూరం విసరడం రాదు. ఉత్తరపు మూలన వాననీటి గొట్టం దగ్గర, కాంక్రీటు వాలు పక్కనే, రెండడుగుల నీళ్లలో నా నెడ్ రిగ్‌ని దాదాపు చేత్తో వదిలినట్టు వదిలాడు. వదిలి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ రిగ్‌కి అంతకంటే కావలసిందేముంది? వదులుగా ఉన్న లైను జానెడు మేర పక్కకి జరగడం కట్ట మీంచి నాకు కనబడింది, వాడికి తెలియలేదు. చలిలో కాటు అలాగే ఉంటుంది, లాగదు, తడి ఆకు తగులుకున్నంత బరువు. "చుట్టు, చుట్టు, గుంజకు" అని అరిచాను. ముందు వదులు చుట్టేసుకుని, బరువు తగిలాక రాడ్‌ని పక్కకి తిప్పితే చాలు. ఆ సన్న కొంకి దానంతటదే దిగుతుంది.

తర్వాత వంటింటి థర్మామీటరుకి తాడు కట్టి చూశాను. కట్ట నీడలో 48 ఫారెన్‌హీట్, ఆ మూలన 54.

కాబట్టి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎనిమిదడుగుల కుంటలో లోతు అనే మాటకి పెద్ద అర్థం లేదు. మంచు కట్టినప్పుడు, పొద్దున్నే, ఉత్తరపు గాలి దిగిన మర్నాడు తూము సరే. కానీ ఇవాళ వరసగా మూడో ఎండ రోజు, మధ్యాహ్నం మూడు గంటలు. చలికాలపు ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఉత్తరపు గట్టుకే తిన్నగా తగులుతుంది, దక్షిణపు గాలి పైన వేడెక్కిన నీళ్లని అటే నెడుతుంది, కాంక్రీటూ నల్ల బురదా ఆ వేడిని పట్టుకుంటాయి. చిన్న చేపలు అటు జరుగుతాయి, వాటి వెనకే బాస్. ఇదంతా తెలిసీ నలభై నిమిషాలు నీడలో నిలబడ్డదాన్ని నేనే.

సరే, గ్లౌజులు. పొడి ఊలు గ్లౌజులతో ఆ చేపని నడుం దగ్గర ఒడిసిపట్టాడు. దాని ఒంటి మీది జిగురంతా ఊలుకి అంటింది. ఆ పొర పోతే బూజు పడుతుంది, చన్నీళ్లలో పుండు మానడానికీ వారాలు పడుతుంది. పట్టుకునే పద్ధతి చేతులు తడుపుకుని, బొటనవేలు కింది పెదవిలో, రెండో చెయ్యి పొట్ట కింద, ఇరవై ముప్పై సెకన్లు. వీడు దాన్ని పొడి కాంక్రీటు మీద పడుకోబెట్టి వీడియో కాల్ చేశాడు. అవతల తోడికోడలు జుట్టు దువ్వుకుని వచ్చేదాకా ఆగాడు. నేను ఒక్క మాట అనలేదు. అతిథి అని, పైగా చేప పట్టింది తను, నేను కాదు అని. చివరికి నేనే తడిచేత్తో తీసి నీళ్లలో వదిలాను. కాసేపు పక్కకి ఒరిగి, తర్వాత నెమ్మదిగా వెళ్లింది.

"రేపూ వెళ్దామా వదినా" అంటున్నాడు. రాత్రికి ఉత్తరపు గాలి వస్తుందట, ఆ మూల తెల్లారేసరికి చల్లబడిపోతుంది. ఆ మాట చెప్పాను.

గ్లౌజులు చేప కంపు కొడుతున్నాయంటే వేడి నీళ్లలో ఉతికి డ్రయర్‌లో వేశాను. స్వచ్ఛమైన ఊలు, ఎంత చిన్నవవుతాయో నాకు తెలుసు.