చెప్పుల డబ్బా కాగితంతో తంగేడు పూలు

మా ఇంటి వెనక ఖాళీ జాగాల్లో ఒకప్పుడు తంగేడు పొదలు బాగా ఉండేవి, ప్లాట్లు చేసి చదును చేశాక ఒక్కటి కూడా మిగల్లేదు, ఇప్పుడు బతుకమ్మ వస్తే మార్కెట్లో కట్టలు కొనుక్కోవడమే. తెలంగాణ రాష్ట్ర పువ్వు అయ్యుండి కూడా మా పిల్లలు దాన్ని చెట్టుకి చూడలేదంటే నాకు మనసుకి బాధేస్తుంది. అందుకే పోయినసారి ఎంగిలిపూలకి, అంటే బతుకమ్మ మొదటి రోజుకి, తెచ్చిన కట్టలోంచి ఒక కొమ్మ తీసి నీళ్ల గ్లాసులో పెట్టుకున్నా, దాన్ని చూసుకుంటూ కాగితంతో చేద్దామని.

ముందు రెండు పూలు విప్పి రేకులన్నీ ఒక ప్లేట్లో పరిచా. అయిదు రేకులు, పువ్వు మొత్తం దాదాపు అయిదు సెంటీమీటర్లు ఉంది. మధ్యలో కేసరాలు పది, అన్నీ ఒకే సైజులో ఉండవు, కొన్ని పొట్టిగా ఉంటే కొన్ని పొడుగ్గా కొడవలిలా వంగి ఉంటాయి. చిన్నప్పటి నుంచి దోసిళ్లతో తెంపిన పువ్వే కానీ ఇంత దగ్గరగా చూడ్డం అదే మొదటిసారి.

మొదట న్యూస్ పేపర్‌తో చేశా, పసుపు ఎంత పట్టించినా అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. తర్వాత కొత్త చెప్పుల డబ్బాలో చుట్టి ఇచ్చే పల్చటి తెల్ల కాగితం గుర్తొచ్చింది, అది పసుపుని భలే పీలుస్తుంది. అర లీటరు నీళ్లలో రెండు స్పూన్ల పసుపు మరిగించి పల్చటి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే పొడి మచ్చలు మచ్చలుగా అంటుకుంటుంది. అలా రంగేసి, ఆరబెట్టి, రేకులు కత్తిరించి అతికించి అత్తమ్మకి చూపిస్తే చేతిలో తిప్పి తిప్పి చూసి, "తంగేడు గింత నున్నగ ఉంటదా బిడ్డా? ముడతలు ఏవి?" అంది. నిజమే, మళ్లీ కొమ్మ దగ్గరికెళ్లి చూస్తే ప్రతి రేకూ అంచుల్లో నలిగినట్టు, జాకెట్ కుచ్చుల్లా ఉంది.

దానికి నేను పట్టుకున్న పద్ధతి ఏంటంటే, రంగులోంచి తీసిన కాగితాన్ని తడి మీదే పొడుగ్గా మెల్లగా మెలిపెట్టి, రెండు చివరలా దారం కట్టి, అలాగే రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే విప్పితే సన్న సన్న ముడతలు నిలువుగా వచ్చేస్తాయి. రేకు కత్తిరించేటప్పుడు ఆ ముడత మొదలు నుంచి కొసకి వెళ్లేలా చూసుకోండి, అడ్డంగా కత్తిరిస్తే ఎంత చేసినా అది తంగేడు కాదు. ఈసారి అత్తమ్మ ఏం అనలేదు, ఒకటి తీసుకెళ్లి తన అద్దం దగ్గర పెట్టుకుంది.

కేసరాలకి బియ్యం వచ్చిన గోనెసంచి పోగులు, ఆ గోధుమ రంగు అచ్చంగా సరిపోతుంది. కాడకి అరిగిపోయిన కొబ్బరి చీపురు ఈనె. ఆకులకి పాత వారపత్రికల్లో పచ్చగా ఉన్న పేజీలు, ఒక్కో ఈనెకి రెండు వైపులా ఎనిమిది తొమ్మిది జతల చిన్నాకులు ఎదురెదురుగా అంటించాలి, ఇది మాత్రం ఓపిక పని. జిగురుకి ఫెవికాల్ వాడితే పల్చటి కాగితం బిరుసెక్కి మెరుస్తోంది, గ్లాసు నీళ్లలో రెండు స్పూన్ల మైదా ఉడికించిన లై చాలు.

మధ్యలో ఒకసారి బట్టలు నానబెట్టే టబ్బులో రంగు కలిపా, లోపల సర్ఫ్ జిడ్డు మిగిలి ఉంది కాబోలు, కాగితాలన్నీ ఎర్రెర్రగా మరకలు పడ్డాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే సబ్బు తగిలినా ఎర్రబడుతుంది కదా. నిమ్మకాయ పిండిన నీళ్లు చల్లితే చాలావరకు మళ్లీ పచ్చబడ్డాయి, కానీ ఆ ఎరుపు నా మనసులో ఉండిపోయింది.

ఇంకో మాట, పసుపు రంగు ఎండకి ఆగదు. తూర్పు గుమ్మానికి కట్టిన దండ కొన్ని వారాలకే వెలిసిపోయింది, దేవుడి గది తలుపుకి కట్టింది ఇంకా అలాగే ఉంది. బతుకమ్మలో మాత్రం ఇవి పేర్చను. చెరువులో కలవాల్సింది చెట్టుకి పూసిన పువ్వే, కట్ట ఎంత రేటైనా అది కొనే తెస్తా.

ఇప్పుడు ఆ పారాణి ఎరుపుతో మోదుగు పువ్వు మొదలుపెట్టా. పసుపు నీళ్లలో సున్నం చిటికెడు చిటికెడు వేస్తుంటే నారింజ నుంచి ఇటుక రంగు దాకా ఎన్ని షేడ్లు వస్తున్నాయో, చిలక ముక్కులాంటి రేకు కూడా కుదిరింది. దాని తొడిమ నల్లగా ముఖమల్‌లా ఉంటుంది చూడండి, అదే కాగితంతో రావట్లేదు. అమ్మ పాత నగల డబ్బా ఒకటి విరిగిపోయి అటక మీద ఉంది, లోపల ముదురు గోధుమ రంగు ముఖమల్ గుడ్డ, ఆదివారం దించి చూడాలి.