నాన్న కెమెరాకు కళ్లద్దం

మా నాన్న సింగరాయకొండలో ఫోటో స్టూడియో నడిపారు. చివరివరకూ ఆయన వాడిన కెమెరా నికాన్ ఎఫ్‌ఎం2. చిన్నప్పుడు దాన్ని కంటికి ఆనించుకున్న ప్రతిసారీ నాకు లోపలంతా మసకగా ఉండేది. "లెన్సు పాడైంది నాన్నా" అనేదాన్ని. ఒకరోజు ఆయన కన్ను ఆనించే చోట మరతో బిగించి ఉన్న చిన్న గుండ్రటి అద్దాన్ని విప్పి నా అరచేతిలో పెట్టారు. "లెన్సుకేమీ కాలేదమ్మా. ఇది నా చూపుకు తగ్గట్టు వేసుకున్న అద్దం. నీ కంటికి అక్కర్లేదు" అన్నారు. అది తీశాక చూస్తే గోడ మీది క్యాలెండరులో తిథులు కూడా చదవగలిగాను.

ఆ సంగతి ముప్పై ఏళ్లకు పైగా గుర్తుకు రాలేదు.

నాన్న పోయాక ఆయన 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు నా దగ్గరికి వచ్చింది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం అంత పెద్దది). నా డిజిటల్ కెమెరా నికాన్ డీ7200కు అది నేరుగా అమరుతుంది. మెనూలో లెన్సు వివరాలు ఒకసారి నమోదు చేస్తే వెలుతురును కూడా కొలిచి చూపిస్తుంది. ఫోకస్ మాత్రం చేత్తోనే చేసుకోవాలి. రెండేళ్లపాటు దానితో తీసిన ఫోటోల్లో సగానికి సగం మసక. లోపల బూజు పట్టిందేమోనని ఒంగోలులో ఒకరికి చూపించాను. అద్దాలు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఆ రెండేళ్లకు కాస్త ముందే నాకు దగ్గరి చూపు తగ్గి కళ్లజోడు వచ్చింది. ఫోటో తీసేటప్పుడు అడ్డమని దాన్ని తీసి పక్కన పెట్టేదాన్ని.

ఒక ఉదయం పాకల తీరంలో ఇసుక మీదికి లాగిన పడవలను తీస్తున్నాను. పడవ అంచున రంగుతో రాసిన పేరు మీద ఫోకస్ కుదరడం లేదు. రింగు ఎటు తిప్పినా అంతే. అప్పుడు గమనించాను, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో కెమెరా చూపించే చిన్న గడుల గీతలే నాకు అలికినట్టు కనిపిస్తున్నాయి. ఆ గీతలకు లెన్సుతో సంబంధం లేదు. అవి మసకగా ఉన్నాయంటే లోపం నా కంటికీ, ఆ గీతలూ దృశ్యమూ కనిపించే లోపలి తెరకూ మధ్యనే ఉండాలి. నాన్న అరచేతిలో పెట్టిన అద్దం అప్పుడు గుర్తొచ్చింది.

ఎఫ్‌ఎం2కు అద్దం మార్చి బిగించాలి. ఇప్పటి కెమెరాలకు వ్యూఫైండర్ పక్కనే చిన్న చక్రం ఉంటుంది. చేత్తో ఫోకస్ చేసే మాన్యువల్ లెన్సు వాడబోయేవారు మొదట సరిచేసుకోవలసింది దాన్నే. కెమెరాను ఖాళీ ఆకాశం వైపో తెల్ల గోడ వైపో పెట్టండి. ఎదుటి దృశ్యాన్ని పట్టించుకోకుండా లోపలి గీతలనూ అంకెలనూ మాత్రమే చూస్తూ, అవి సూదిమొనలా కనిపించేదాకా చక్రం తిప్పండి. కళ్లజోడు పెట్టుకుని తీసేవారు పెట్టుకునే ఈ పని చేయాలి. మరీ ఎక్కువసేపు తేరిపార చూస్తే కన్నే సర్దుకుని మనల్ని మోసం చేస్తుంది. మధ్యమధ్య దూరంగా చూసి, మళ్లీ చూడండి.

చక్రం సరిచేశాక నా ఫోటోలు చాలా మారాయి. అన్నీ కాదు. దానికి కారణం తెర. ఎఫ్‌ఎం2 తెర మధ్యలో రెండుగా చీలిన వృత్తం ఉండేది. స్తంభం అంచో, చీర అంచో నిలువుగా దానిలోకి తెచ్చుకుని, విరిగిన గీత అతికేదాకా రింగు తిప్పితే చాలు. డీ7200 తెర ఆటోఫోకస్ కోసం చేసినది. అది వెలుతురుగా ఉంటుంది కానీ ఎఫ్/1.8 దగ్గర నిజంగా ఉండే పలుచని లోతును, అంటే ముందూ వెనకా స్పష్టంగా వచ్చే మేరను, చూపించదు. ఎఫ్/2.8 పెట్టినప్పటి లోతు కనిపిస్తుంది. కంటికి షార్ప్‌గా ఉన్న ముఖం ఫోటోలో జారిపోవడానికి కారణం ఇదే.

అరుగు మీద మల్లెపూలు కడుతున్న మా అమ్మను మీటరు దూరం నుంచి తీశాను. ఎఫ్/1.8 దగ్గర ఈ కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్ల లోపే. ముక్కు కొనకు కుదిరితే కళ్లు పోతాయి. పైగా అమ్మ కళ్లజోడు ఫ్రేము కంటికంటే ముందు ఉంటుంది, దాని నల్లటి అంచు చూపును లాగేస్తుంది. నేను దగ్గరున్న కంటి రెప్ప వెంట్రుకల మీద ఫోకస్ చేసి, రంధ్రాన్ని ఎఫ్/2.8కు తగ్గించి తీశాను. ఫోకస్ కుదిరాక ఫ్రేము అందం కోసం కెమెరాను పక్కకు తిప్పకండి. అంత చిన్న కదలికకే కన్ను ఆ పలుచని పొర దాటిపోతుంది. ముందే ఫ్రేము కట్టుకుని, కన్ను ఎక్కడ పడిందో అక్కడే ఫోకస్ చేయాలి. చివరి సవరణకు రింగు వదిలేసి, మోచేతులు ఛాతీకి ఆనించి, తలను వెంట్రుకవాసి ముందుకో వెనక్కో కదుపుతాను. మూడు నాలుగు తీస్తే ఒకటి తప్పక దొరుకుతుంది.

ఫోకస్ కుదిరిందని చెబుతూ వ్యూఫైండర్ మూలన వెలిగే చుక్క కూడా సాయం చేస్తుంది. అయితే అది ఒక్క బిందువు దగ్గర వెలగదు, రింగు కొంత మేర తిరిగినా వెలుగుతూనే ఉంటుంది. ఎక్కడ వెలిగిందో, ఎక్కడ ఆరిందో చూసుకుని ఆ రెండింటి మధ్యన ఆగుతాను.

ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గర ఈ నిదానం పనికిరాదు. ఒంగోలు గిత్తల జత బండను లాక్కుంటూ ఎదురుగా వస్తుంటే దుమ్ములో ఏ చుక్కనూ నమ్మలేం. అక్కడ నేను తాడు బయట నిలబడి, ఆరు మీటర్ల దూరంలో నేల మీద ఒక గుర్తు ఎంచుకుంటాను. రంధ్రం ఎఫ్/8, షట్టర్ వేగం 1/800 సెకను. అప్పుడు సుమారు నాలుగున్నర నుంచి తొమ్మిదిన్నర మీటర్ల దాకా చూడదగినంత స్పష్టత ఉంటుంది. గిత్తల ముందుకాళ్లు ఆ గుర్తు తొక్కబోతుండగా నొక్కుతాను. ఆరు పళ్ల విభాగంలో (పళ్లను బట్టి గిత్తల వయసు లెక్కిస్తారు) తీసిన ఒక ఫోటోలో కాడి కింద బిగుసుకున్న మెడ ముడతలు, ముక్కుతాడు మీది దుమ్ము కూడా లెక్కపెట్టవచ్చు. నేను తీసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మసక వచ్చిన ఫోటోలను వెంటనే చెరిపేయకండి. పెద్దది చేసి చూడండి. ముఖం పోయి వెనక తలుపు గొళ్లెం షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది. అన్నీ ఒకే దిక్కున సాగినట్టుంటే చేయి కదిలింది. నేల బాగుండి గిట్టలు మాత్రమే చెదిరితే షట్టర్ వేగం చాలలేదు. నేను ఈ మూడింటినీ కలిపి రెండేళ్లు లెన్సు మీదికి నెట్టాను.

ఆ చక్రం సంచిలోంచి తీసేటప్పుడు రాపిడికి తిరిగిపోతూ ఉంటుంది. అందుకని నా చూపుకు సరిపోయే చోట ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టాను. మా మేనకోడలు కెమెరా అడిగినప్పుడు, ఇచ్చేముందు ఆ చుక్క చూపించి, చక్రాన్ని తన కంటికి తగ్గట్టు తిప్పుకోమంటాను.