కరెంటు లేని రోజుల కోసం: ఉద్దానంలో మా ఇంటి ఏర్పాట్లు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానం ప్రాంతంలోని పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి తోటల గురించి పత్రికల్లో చాలా వచ్చింది కాబట్టి ఆ సంగతి మళ్ళీ ఎత్తను. ఆ తరువాతి రోజుల్లో మా ఇంట్లో బియ్యానికి లోటు లేదు, పెరటి బావిలో నీళ్ళకూ లోటు లేదు. కాని స్తంభాలు నేలకూలడంతో మోటారు తిరగలేదు, మోటారు బిగించినప్పుడు తీసేసిన గిలక ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు, రోజూ డబ్బా నింపుకొచ్చే ఆర్వో ప్లాంటు కూడా మూతపడింది. దారులకు అడ్డంగా పడిన చెట్లు తొలగించేదాకా గ్యాసు బండి ఊళ్ళోకి రాలేకపోయింది. జనరేటరు ఉన్నచోట డబ్బిచ్చి ఫోన్లు ఛార్జి చేయించుకున్నాం.

ఆ తుపాను తరువాత మా అత్తగారు, నేను కూర్చుని ఇంట్లోని ఒక్కొక్క వస్తువునూ తలుచుకుంటూ, కరెంటు లేకపోతే ఇది పనిచేస్తుందా అని చూసుకుంటూ వచ్చాం. కొత్తగా కొనవలసినవాటి కంటే అటక మీది నుంచి దించవలసినవే ఎక్కువగా తేలాయి.

ముందు బావి సంగతి చూశాం. వడ్రంగిని పిలిపించి గట్టుకు రెండు వైపులా గుంజలు పాతించి, ఇనుప గిలక వేయించాం. చాంతాడు విషయంలో మాత్రం మా ఇంట్లో చాలా వాదన జరిగింది. నైలాను తాడు ఎన్నాళ్ళైనా ఉంటుంది గాని తడిస్తే చేతిలో జారుతుంది, బరువు లాగినప్పుడు అరచేయి కోసుకుపోతుంది. చేతికి పట్టునిచ్చేది కొబ్బరి తాడే. మా ఊళ్ళో దానికి కరువు లేదు కనుక అదే కట్టాం. వారానికొకసారైనా ఆ చేదతోనే నీళ్ళు తోడాలని అత్తగారు నియమం పెట్టారు, దానివల్ల గిలక తుప్పు పట్టి బిగుసుకుపోకుండా ఉంటోంది.

అయితే ఉద్దానంలో బావి నీరు తాగడానికి జనం జంకుతారు. ఈ ప్రాంతంలో ఎందరికో వస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు గాని, అనుమానం మాత్రం నీటి మీదే ఎక్కువ. హిరమండలం నుంచి పైపులైన్ల ద్వారా నీరిచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు; అదీ మోటార్లతో ఎత్తిపోసే నీరే కదా. అందుకని బావి నీటిని స్నానానికీ గిన్నెలకూ ఉంచి, తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున, ఐదుగురికి పది రోజులకు సరిపోయేలా, ఇరవై లీటర్ల డబ్బాలు ఎనిమిది పెట్టుకున్నాం. అక్టోబరు వచ్చిందంటే వాటిని నింపి ఉంచి, పాతవి వాడుతూ కొత్తవి చేరుస్తూ ఉంటాం.

తిండిలో చోళ్ళు (రాగులు) మాకు కొండంత అండ. గింజగా ఉంచితే ఏళ్ళ తరబడి పురుగు పట్టవు, పిండి పట్టిస్తే మాత్రం అంతకాలం నిలవదు. గింజలు దాచుకుని పిండి మిల్లు మీద ఆధారపడితే కరెంటు లేని రోజున అంబలికి దారి ఉండదు కాబట్టి, మూలపడిన తిరగలికి గంట్లు కొట్టించి వాడుకలోకి తెచ్చాం. అటుకులు, బెల్లం, ఉలవలు, చింతపండు ఎలాగూ ఉండేవే. వంటచెరకు కూడా ఊరంతా పడి ఉంటుంది, కాని తుపాను తరువాత అది నీరు కారుతూ ఉంటుంది. కొబ్బరి డొక్కలు, మట్టలు వేసవిలోనే ఎండబెట్టి పక్కా గదిలో ఎత్తుగా పేర్చుకోవాలి. పొయ్యి మాత్రం గదిలోపల వెలిగించం. తలుపులు మూసిన గదిలో పొగ కంటే, కంటికి కనిపించని విషవాయువు ప్రమాదం.

ఈ స్వయంసమృద్ధి అంతా మా మామగారి దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతుంది. తుపాను రోజులకని ఇళ్ళలో దాచుకునే ఊరగాయలు, ఎండు చేపలు, ఉప్పు మిరపకాయలు ఆయన తినకూడనివే. బలమని మనం మెచ్చుకునే చోళ్ళు, ఉలవల కంటే తెల్ల బియ్యమే ఆయనకు నయమని డాక్టరు చెప్పారు. చెట్లు పడిపోయిన రోజున కాళ్ళకు అడ్డుపడేన్ని బొండాలు ఉంటాయి, తాగే నీరు కొరత కాబట్టి అందరూ వాటినే కొట్టుకుని తాగుతారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ రోగికి అది గుండె మీదికి తెస్తుంది. ఈ మాట మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో తెలియదు, తెలియజేయవలసిన బాధ్యత ఉందని నా అభిప్రాయం. డయాలసిస్ తప్పిపోతే ఆ రెండు మూడు రోజులు ఏమి తినాలో, ఎంత నీరు తాగాలో డాక్టరు చేత రాయించుకుని ఆ కాగితం వంటగది తలుపుకు అంటించాను. నీరు ఎప్పటికంటే ఇంకా తక్కువే ఇవ్వమన్నారు.

ఇక డయాలసిస్ యంత్రాన్ని ఇంట్లో తిప్పుకోలేం. దానికి మేము చేసుకోగలిగిన ఏర్పాటు, ముందుగా కదలడం ఒక్కటే. ఆధారు, రేషను కార్డు, ఆసుపత్రి పుస్తకం, నెలకు సరిపడా బీపీ మాత్రలు ఒక ప్లాస్టిక్ సంచిలో ఎప్పుడూ కట్టి ఉంటాయి. బ్యాటరీ రేడియోలో వాయుగుండం మాట వినగానే ఆసుపత్రికి ఫోను చేసి ఆయన వంతు ముందుకు జరపమని అడుగుతాం. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు అలాగే చేశాం. వాన మొదలయ్యేలోపే డయాలసిస్ చేయించి, ఆయనను శ్రీకాకుళంలో మా ఆడపడుచు ఇంట్లో దింపి, నేను జాతీయ రహదారి మీదుగా తిరిగి వచ్చేసరికి అత్తగారు డొక్కలు లోపలికి చేరవేసి, గిలకకు నూనె వేస్తున్నారు.