మిద్దె మీద గో, వెంట్, గాన్

శనివారం. పొద్దున కరెంటు పోయి పదింటికి వచ్చింది. తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపు వెళ్లి కూరగాయలు తెచ్చాను. సాయంత్రం మేనకోడలు పుస్తకం పట్టుకుని మిద్దె ఎక్కేదాకా రాసుకోవడానికి ఇంకేమీ లేదు.

బ్యాంకు పీఓ పరీక్షకు బైరాగిపట్టెడలో కోచింగ్ తీసుకుంటోంది. వాళ్ల మెటీరియల్‌లో ఇంగ్లిష్ క్రియలన్నీ మూడు వరసల్లో ఉన్నాయి. గో, వెంట్, గాన్. బ్రింగ్, బ్రాట్, బ్రాట్. ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివేస్తుంది. కట్, కట్, కట్ దగ్గర మాత్రం ప్రాణం కాస్త తెరిపిన పడుతుంది.

"అత్తా, గో కాస్తా వెంట్ ఎట్లా అయింది?" అని అడిగింది.

నిజానికి వెంట్ దాని సొంతం కాదు. వెండ్ అని వేరే క్రియ ఉండేది, దాని భూతకాలం అది. గో తన పాత రూపాన్ని వదిలేసి 15వ శతాబ్దం నాటికి దీన్ని లాగేసుకుంది. ఇదేం అన్యాయం అన్నట్టు చూసింది. మరి మన వచ్చాడు, రాలేదు, రా సంగతేమిటి? ఏ తెలుగు బిడ్డా వీటిని పట్టిక గీసుకుని నేర్చుకోలేదు.

అసలు చిక్కు ఈ వరసల్లో లేదు. పుట్ మూడు చోట్లా పుట్టే. పక్కన ఓ చిన్న ముక్క చేరితేనే టెన్షన్. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ ఔట్ అంటే మంట ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. పరాయివాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఇదేనని శామ్యూల్ జాన్సన్ తన 1755 నాటి ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే రాశాడు. ఆ కబురు ఈ కోచింగ్ మెటీరియల్ దాకా ఇంకా రాలేదు, ఫొటోస్టాట్ మాత్రం నీటుగా ఉంది.

"పెట్టడానికీ ఓర్చుకోవడానికీ ఏం సంబంధం?"

ఈత కొడతాం, కన్ను కొడతాం, సినిమా బోరు కొడుతుంది, బస్సులో పర్సు కొట్టేస్తారు. వీటిలో దెబ్బ ఎవరికి తగిలింది? అన్నాను. వెంటనే అందుకుంది: బండికి పెట్రోలు కొట్టించడం, సోది కొట్టడం. తిరుపతి పిల్ల కదా, గుండు కొట్టించడం మర్చిపోతుందా!

తర్వాత ఇంటర్వ్యూ ప్రాక్టీసు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అంది. మనసులో 'ఉన్నారు' మెదిలితే చాలు, చాలామందికి నోట్లోంచి హావింగ్ ఊడిపడుతుంది. అక్కడ ఐ హ్యావ్ చాలు. హావింగ్ లంచ్ అనొచ్చు, అక్కడ హ్యావ్ అంటే తినడం. అన్నలను తినడం లేదు కదా అంటే పొట్ట పట్టుకుని నవ్వింది.

పట్టిక పక్కన పడేసి, ఒక్కో క్రియకూ సొంత వాక్యం రాయమన్నాను. మొదటిది: ఐ కాంట్ పుట్ అప్ విత్ మై ఆంట్స్ లెక్చర్స్. వాక్యంలో ఎక్కడా తప్పు లేదు.