పొలిమేర దాటని ఊరు

బస్సెక్కి, ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎలా ఉంటే అలా చదివి "ఇయామ్‌కి రెండు టికెట్లు" అని అడిగాను. డ్రైవర్ నవ్వి "ఈమ్" అన్నాడు. షెఫీల్డ్‌లో ఉంటున్న మా అక్కా నేనూ ఆగస్టు చివరి వారంలో వెళ్ళాం. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య చిన్న ఊరు. రాతి ఇళ్ళు, ఒక బడి, ఒక పబ్, ఒక చర్చి, చర్చి ఆవరణలో వెయ్యేళ్ళు దాటిన రాతి శిలువ. చర్చి పక్కన వరసగా ఉన్న ఇళ్ళ ముందు మాత్రం చిన్న చిన్న బోర్డులు, ఈ ఇంట్లో ఎవరెవరు చనిపోయారో పేర్లతో సహా.

1665లో లండన్‌ని ప్లేగు ఊడ్చేస్తున్నప్పుడు, అక్కణ్ణుంచి ఇక్కడి దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చిందట. తడిగా ఉందని దాన్ని విప్పి ఆరబెట్టింది జార్జ్ వికర్స్ అనే పనివాడు. ఎలుకల మీద బతికే రక్తం తాగే పురుగులు ఆ బట్టల్లో వచ్చాయంటారు. సెప్టెంబర్ 7న అతన్ని పూడ్చారు. ఆ తర్వాత పక్కింటికి, ఎదురింటికి. చలికాలంలో కాస్త తగ్గి, ఎండలు రాగానే మళ్ళీ విజృంభించింది.

మా నానమ్మ గత్తర, అంటే కలరా, గురించి చెప్పేది. జబ్బు వస్తే జనం ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళట. ప్రాణం మీద తీపి ఉన్నవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. 1666 జూన్‌లో ఈమ్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. ఇంకా ముప్పై నిండని చర్చి ఫాదర్ విలియం మాంపెసన్ కొత్తగా వచ్చినవాడు, జనానికి ఆయన మీద అంత గురి లేదు. అంతకుముందు అదే పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ మాటంటే వాళ్ళకి నమ్మకం. మతం విషయంలో పడని ఆ ఇద్దరూ కలిసి ఊరిని ఒప్పించారు: జబ్బు పక్క ఊళ్ళకి పాకకుండా ఎవరూ పొలిమేర దాటకూడదు, ఎవరి శవాన్ని వాళ్ళే పూడ్చుకోవాలి, ప్రార్థన చర్చిలో కాదు, ఆరుబయట లోయలో. చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ప్రభువు తిండి పంపించాడు. మాంపెసన్ తన పిల్లల్ని ముందే బయటికి పంపేశాడు, భార్య కేథరిన్ మాత్రం వెళ్ళనంది. ఆగస్టులో ఆమె కూడా పోయింది. ఊళ్ళో మొత్తం 260 మంది పోయారు.

ఊరికి కాస్త దూరంగా, ఎత్తు మీద పొలంలో రైలీ సమాధులు ఉన్నాయి. ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతో అక్కడ పూడ్చింది. చుట్టూ గుండ్రంగా రాతి గోడ, లోపల రాళ్ళు, అవతల గొర్రెలు మేస్తున్నాయి. అక్కకి ఇద్దరు పిల్లలు. చాలాసేపు ఆ గోడ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది, నేనూ పలకరించలేదు.

కిందికి వచ్చేసరికి ఊరంతా సందడి. ఆగస్టు చివరి ఆదివారం వీళ్ళకి ప్లేగు ఆదివారం, ఆ లోయలోనే ప్రార్థన చేస్తారు. ఆ వారమే బావుల్ని అలంకరిస్తారు కూడా: చెక్క పలక మీద తడి బంకమన్ను పరిచి, పూరేకులు, ఆకులు, గింజలు ఒక్కొక్కటే గుచ్చి బొమ్మ తీర్చుతారు. బతుకమ్మ పేర్చే చేతులే గుర్తొచ్చాయి నాకు. బోర్డు ఉన్న ఒక ఇంటి గుమ్మంలో చిన్నపిల్ల సైకిల్ వాల్చి ఉంది. లోపల ఎవరో అన్నం తింటున్నారు, టీవీ మోగుతోంది. ఆ పేర్లున్న గోడల మధ్యే వీళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని పెంచుతున్నారు. నాకు మ్యూజియం కంటే ఆ సైకిలే ఎక్కువ గుర్తుండిపోయింది.

తిరిగి బస్సు కోసం పొలాలగుండా స్టోనీ మిడిల్టన్ వైపు నడిచాం. దారిలో పొలిమేర రాయి. దాని మీద గుంటలు. అప్పట్లో జబ్బు అంటకూడదని వాటిలో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసి పెడితే, పక్క ఊరివాళ్ళు సరుకులు దించి ఆ డబ్బులు తీసుకునేవాళ్ళు. ఇప్పటికీ వచ్చినవాళ్ళు నాణేలు వేస్తున్నారు. "చిల్లర ఉందా నీ దగ్గర?" అంది అక్క. ఇరవై పెన్నీల బిళ్ళ ఇచ్చాను. గుంటలో పెట్టి, రాయి దాటి కిందికి దిగింది.