గోటి మీద నూనెచుక్క

గోరింటాకు మిక్సీలో వేస్తే పండదని మా అమ్మ గట్టి నమ్మకం. డెబ్బై ఏళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, ఇప్పటికీ రోట్లోనే రుబ్బుతుంది. నిరుడు ఆషాఢంలో రెండో శనివారం సెలవు కలిసొచ్చి పుట్టింటికి వెళ్ళాను. రాత్రి పది వేళ్ళకూ, పాదాలకూ పెట్టింది. పొద్దున కడిగేశాక కొబ్బరినూనె రాయడం మా ఇంట్లో ఆనవాయితీ. సీసా వంచేసరికి నా కుడి చూపుడు వేలి గోటి మీద ఒక చుక్క పడింది. అది జారలేదు. వేలు కాస్త వంచినా జారలేదు. ఉగ్గుగిన్నెలో పాలలా గోరు మధ్యలో నిలిచిపోయింది.

"ఇదేమిటే, గోరు ఇలా గుంటపడింది?" అంది అమ్మ. నా అరచేయి తిప్పి చూసింది. గోరింటాకు చుక్కలు మందారాల్లా పండాయి. వాటి చుట్టూ చెయ్యి సున్నం కొట్టిన గోడలా ఉంది.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు నలభై మూడు. గోళ్ళ సంగతి నాకు అప్పటికి ఏడెనిమిది నెలల నుంచి తెలుసు. తెలిసీ ఏం చేశానో చెబితే సిగ్గుగా ఉంటుంది. మొదట అంచులు పొరలు పొరలుగా లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే దారాలకు తగులుకునేవి. అంట్ల సబ్బు మీదికి తోశాను, సబ్బు మార్చాను. తర్వాత నేల మీద పడిన గుండుసూది తీయడం చేతకాలేదు. గోటి అంచు దాని కిందికి దూరకుండా పైకి తిరిగి ఉండేది. "కాల్షియం తగ్గింది" అంది స్టాఫ్ రూములో ఒక టీచరు. మందుల దుకాణంలో అడిగి రెండు నెలలు కాల్షియం మాత్రలు మింగాను. గోళ్ళు చూడటానికి బాగాలేవని వాటి మీద మెరూన్ రంగు వేశాను. ఆ రంగు సీసా మూత తిప్పడానికి మా అబ్బాయిని పిలవాల్సి వచ్చేది, అంత నీరసం.

స్కూల్లో పదో తరగతి గది మేడ మీద. మెట్లెక్కి బోర్డు దగ్గరికి వెళ్ళేసరికి గుండె చెవుల్లో కొట్టుకునేది. పిల్లల చేత ఎక్కాలు చదివిస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకునేదాన్ని. పదో తరగతి పిల్లలకు ఎక్కాలేమిటని వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. నెలసరి తొమ్మిది రోజులు సాగేది, మొదటి మూడు రోజులు గంటన్నరకోసారి ప్యాడ్ మార్చాలి. ముట్లు ఆగిపోయే వయసులో ఇంతేలే అనుకున్నాను. మా అక్కకూ ఇంతే, మా పిన్నికీ ఇంతే.

ఇక అసలు రహస్యం బలపాలు. పలక మీద రాసే బలపాలే. ఒకనాడు ఎవరో పారేసిన ముక్క ఏరి, దాని వాసన చూసి, నోట్లో వేసుకున్నాను. తడిమట్టి వాసన, పంటి కింద కటుక్కుమనే శబ్దం. ఎంత హాయో చెప్పలేను. నెల తిరిగేసరికి పెట్టె కొనే స్థితికి వచ్చాను. "హైస్కూల్లో ఇంకా పలకలు వాడుతున్నారా మేడమ్?" అన్నాడు కిరాణా కొట్టతను. చేతిపనుల క్లాసుకని చెప్పి వచ్చేశాను. అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ పెట్టె నాలుగు రోజులకే అయిపోయినందుకు భయం వేసింది.

నూనెచుక్క చూసిన మర్నాడే అమ్మ మమ్మల్ని డాక్టరు దగ్గరికి తరిమింది. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు" అంది. ఆ సామెత మా విషయంలో మరీ అక్షరాలా పనిచేస్తుందని ఆవిడకు తెలియదు పాపం.

ఆ డాక్టరమ్మకు నా కంటే పదేళ్ళు తక్కువే ఉంటాయి. నా గోళ్ళు చూసి నవ్వింది. "రంగు చూద్దామంటే గోరింటాకు. ఆకారం మాత్రం దాచలేకపోయారు." కింది కనురెప్ప లాగి చూసింది, నాలుక చూసింది, అరచేతి గీతలు చూసింది. చూపుడు వేళ్ళు రెండూ గోళ్ళు ఎదురెదురుగా ఆనేలా పెట్టమంది. మధ్యలో చిన్న సమచతుర్భుజం ఆకారంలో సందు కనబడింది. అది ఉండాలట. ఊపిరితిత్తుల, గుండె జబ్బులు కొన్నింటిలో వేలి చివర ఉబ్బి గోరు గుండ్రంగా వంగి ఆ సందు మూసుకుపోతుంది. లియో షామ్‌రాత్ అనే దక్షిణాఫ్రికా హృద్రోగ నిపుణుడు 1970లలో తనకే గుండెలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్ళ మీద గమనించిన సంగతి ఇది. జ్వరంతో పడుకుని కూడా తన గోళ్ళను పరీక్షించుకున్న ఆ మనిషి నాకు వెంటనే నచ్చాడు.

తర్వాత ఆవిడ మామూలుగా, వాచీ చూసుకుంటూ అడిగినంత మామూలుగా అడిగింది. "మట్టి, బియ్యం, సుద్దముక్కలు... అలాంటివేమైనా తినాలనిపిస్తోందా?"

పక్కన మా ఆయన. నేను నేల చూపులు చూస్తూ, "బలపాలు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగి, "రాత్రిళ్ళు ఆ కటకట నువ్వా? నేను ఎలుక అనుకుని రెండు బోన్లు తెచ్చాను" అన్నారు.

డాక్టరమ్మ ఈసారి పైకే నవ్వేసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే అది తిండియావ కాదని, ఇనుము తగ్గినప్పుడు చాలామందికి వచ్చే లక్షణమేనని, దానికి వైద్యంలో పేరు కూడా ఉందని ఆవిడ చెప్పాక, ఇన్ని నెలలుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. పిచ్చెక్కుతోందేమో అని నిజంగానే అనుకున్నాను మరి.

హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. నా వయసు ఆడవాళ్ళకు 12 ఉండాలి, 8 లోపైతే తీవ్రమైన రక్తహీనత. ఫెర్రిటిన్ అని ఇంకో పరీక్ష. అది 4. పదిహేను కంటే దిగితేనే ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటినట్టు. హిమోగ్లోబిన్ వంటింటి డబ్బాలోని బియ్యమైతే ఫెర్రిటిన్ గాదె. మా గాదెలో ఎలుకలకు కూడా గింజ మిగల్లేదు. ఇనుము చాలనప్పుడు గోరు పలచబడి, మెత్తబడి, అంచులు లేచి చెంచాలా మారుతుంది. రెండు నెలలు మింగిన కాల్షియం మాత్రలు తిండిలోని కాస్త ఇనుమునూ ఒంటికి పట్టకుండా అడ్డుకునే రకమని అప్పుడు తెలిసింది. అన్నం తినగానే తాగే టీ కూడా అంతే. స్టాఫ్ రూములో నాకు రోజుకు మూడు టీలు.

నన్ను ఎక్కువ కుంగదీసింది అంకెలు కాదు. మా స్కూల్లో వారానికొకసారి పిల్లలకు నీలిరంగు ఐరన్ మాత్రలు పంచేది నేనే. "పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకోండి, మలం నల్లగా వస్తే భయపడకండి" అని ఏళ్ళ తరబడి అప్పజెబుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. ఆ అంకె మీద శాతాల లెక్క తయారుచేసి పిల్లలకు ఇచ్చాను కూడా. జవాబులో నేనున్నానని తట్టలేదు.

రక్తం ఎటు పోతోందో వెతకాలి కదా. స్కానింగులో గర్భాశయం లోపలివైపు పొడుచుకొచ్చిన రెండున్నర సెంటీమీటర్ల గడ్డ కనబడింది. మొదట వెళ్ళిన చోట రిపోర్టు రెండు నిమిషాలు చూసి, "ఇద్దరు పిల్లలున్నారు కదా, సంచి తీసేద్దాం" అన్నారు. ఇంటికొస్తే బంధువులదీ అదే మాట. "తీయించేసుకో, పీడా పోతుంది." మా వీధిలో ముప్పై అయిదు నిండకుండా తీయించుకున్నవాళ్ళు నలుగురు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల వరుసలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందుంటాయి, ఇది ఆ సర్వేల్లోనే ఉంది. తీసేయక తప్పని జబ్బులు ఉంటాయి, కాదనను. కానీ రెండు నిమిషాల్లో తేల్చే విషయమా? అమ్మ చెప్పిన గొడ్డలి ఇదేననిపించి మరో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ లోపలి పొర ముక్క పరీక్షకు పంపి, క్యాన్సర్ లాంటిది లేదని తేల్చుకుని, పొట్ట కోయకుండా యోని మార్గం గుండా సన్నని గొట్టంతో ఆ గడ్డ ఒక్కటే తీయవచ్చన్నారు. ముందు రక్తం పెరగాలి.

ఇనుమును సెలైన్లో కలిపి నరానికి ఎక్కించారు. సీసాలో అచ్చం కాఫీ డికాషన్ రంగు. వెయ్యి మిల్లీగ్రాములు అరగంటలో దిగిపోయాయి. వారం తర్వాత ఇంకో అయిదు వందలు. రెండో సీసా అయిన నాలుగైదు రోజులకు వంటింటి అలమరలో దాచుకున్న బలపాల పెట్టె కంటబడింది. ఒకటి తీసి వాసన చూశాను. ఏమీ అనిపించలేదు. బలపం, అంతే. మొదటిసారి నయమవుతున్నానని నాకు తెలిసింది అప్పుడే, రక్తపరీక్ష కంటే ముందు. సెప్టెంబరులో హిమోగ్లోబిన్ పది దాటాక గడ్డ తీశారు. ఆ ముందురోజు నర్సు చెప్పిన మొదటి మాట "గోళ్ళకు రంగుంటే తుడిచేసి రండి" అని. రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు గోటికే పెడతారు, రంగు దానికి అడ్డం. మర్నాడు ఇంటికి పంపేశారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

చెప్పాల్సింది గోళ్ళ గురించి. లెక్కల టీచర్ని కాబట్టి జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలవడం మొదలుపెట్టాను. గుర్తు వెతుక్కునే పని లేదు, అమ్మ పెట్టిన గోరింటాకే గుర్తు. చర్మం మీద రంగు పది రోజుల్లో పోతుంది, గోటి మీద పోదు. గోరు పెరిగేకొద్దీ నారింజరంగు ముందుకు జరుగుతుంటే, దాని వెనక కొత్త గోరు చంద్రవంకలా బయటికొస్తుంది. ప్రతి ఆదివారం నోటుపుస్తకంలో రాసుకున్నాను. నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు. చిటికెన వేలు వెనకబడింది, మధ్యవేలు ముందుంది. అట్లతద్దినాటికి మధ్యవేలి మీద రంగు చివరికంటా వెళ్ళింది. మళ్ళీ గోరింటాకు పెడతానని అమ్మ ఫోను చేసింది. కొలతలు చెడిపోతాయి వద్దన్నాను. "చదువుకున్నవాళ్ళతో ఇదే గోల" అని పెట్టేసింది. గుంట మాత్రం నింపాదిగా తగ్గింది. దీపావళికి మొదళ్ళలో గోరు బల్లపరుపు, చివర ఇంకా చెంచా. ఒకే గోటి మీద నా జబ్బు, నా నయం పక్కపక్కనే ఉన్నాయి. సంక్రాంతి ముగ్గులప్పటికి పూర్తిగా చదునైంది.

కాలి గోళ్ళది వేరే కాలమానం. బొటనవేలి గోరు మొత్తం మారాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర. మా అత్తగారి బొటనవేలి గోరు పసుపుపచ్చగా దళసరెక్కి ఉంటే వయసే అనుకున్నాం. ఆవిడకు చక్కెర జబ్బు, నా హడావిడిలో ఆవిడ కాళ్ళూ చూపిస్తే ఫంగస్ అని తేలింది. ఆవిడ పాత బ్లేడుతో గోళ్ళు కోసుకోవడం మాన్పించడానికి నాకు గడ్డ తీయించుకున్నంత పనైంది.

ఇప్పుడు ఎవరు కనబడినా ముందు చేతుల వైపు చూస్తున్నాను, ఇదొక జబ్బు. చిన్నప్పుడు కొంగల బారు పోతుంటే గోళ్ళు రుద్దుకుంటూ "కొంగా కొంగా, గోళ్ళ మీద పూలు వెయ్యి" అని అరిచేవాళ్ళం. తెల్లమచ్చ పడితే కొత్త బట్టలొస్తాయని. పెద్దయ్యాక అదే మచ్చను కాల్షియం లోపం అన్నాం. చాలావరకు అది గోటి మొదట్లో ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ గుర్తు మాత్రమే. ఆ రెండింటిలో కొంగే నయం, మాత్రలు కొనమనదు.

జనవరిలో తొమ్మిదో తరగతి అబ్బాయి పుస్తకం దిద్దించుకోవడానికి వచ్చాడు. వాడి అన్ని గోళ్ళ మీదా అడ్డంగా ఒకే ఎత్తులో ఒక గాడి. పెద్ద జ్వరం వస్తే గోరు పెరగడం కొన్నాళ్ళు ఆగి, తర్వాత ఆ గీత పైకి వస్తుంది. బో అనే ఫ్రెంచి వైద్యుడు 1846లో వీటి గురించి రాశాడు. గీత మొదలుకు ఏడు మిల్లీమీటర్ల దూరంలో ఉంది. మనసులో మూడుతో భాగించి, "ఏరా, కార్తీకమాసం మొదట్లో జ్వరం వచ్చిందా?" అన్నాను. డెంగీతో అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. "మీకెలా తెలుసు మేడమ్?" అని నోరు తెరిచాడు. భాగహారం అన్నాను. ఆ రోజు నుంచి వాడి స్నేహితులు జాతకం చెప్పించుకున్నట్టు చేతులు చాపుతున్నారు.

గాదె నిండాలని హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా మూడు నెలలు రోజు విడిచి రోజు ఐరన్ మాత్ర వేసుకున్నాను, నిమ్మరసంతో. టీ రెండుకు తగ్గింది, అదీ భోజనానికి దూరంగా. మొన్నటి పరీక్షలో ఫెర్రిటిన్ 58. మెట్లెక్కాక ఎక్కాలు చదివించడం లేదు.

గత వారం అర్ధరాత్రి వంటింట్లో కటకట మొదలైంది. మా ఆయన లేచి కూర్చుని, లైటు వేసి, నా మంచం వైపు చాలాసేపు చూశారు. నేను రెండు చేతులూ దుప్పటి బయటికి తీసి చూపించాను. ఈసారి నిజంగానే ఎలుక.