పెట్టె మీది క్యాట్-4, క్యాట్-6: సిమ్ రౌటర్ కొనేముందు

నర్సంపేట దగ్గరి మా ఊరింటికి సిమ్ వేసుకునే రౌటర్ కొందామని గత ఎండాకాలం హన్మకొండలో ఒక దుకాణానికి వెళితే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు పెట్టెలు నా ముందు పెట్టారు. ఒకదాని మీద క్యాట్-4 అనీ, రెండోదాని మీద క్యాట్-6 అనీ ఉంది. అంకె పెద్దదైతే వేగం కూడా పెరుగుతుందన్న మాట నమ్మి, దాదాపు రెట్టింపు ధర పెట్టి క్యాట్-6 తెచ్చాను. ఊళ్లో పెట్టి చూస్తే 6 మెగాబిట్లు దాటలేదు.

క్యాట్ అంటే కేటగిరీ. ఆ అంకె రౌటర్ లోపలి మోడెమ్ గరిష్ఠంగా ఎంత అందుకోగలదో చెబుతుందే తప్ప, మన ఇంట్లో ఎంత వస్తుందో చెప్పదు. 4జీ ప్రమాణాలను రూపొందించిన 3జీపీపీ లెక్క ప్రకారం డౌన్‌లోడ్‌లో క్యాట్-1 హద్దు సెకనుకు 10 మెగాబిట్లు, క్యాట్-4 హద్దు 150, క్యాట్-6 హద్దు 300. ఇందులో 150 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది: 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక క్యారియర్ (టవర్ డేటా పంపే తరంగాల పట్టీ) మీద, రెండు యాంటెన్నాలతో రెండు ధారలుగా, ఒక్కో ధారలో సుమారు 75 మెగాబిట్లు అందుతాయి. క్యాట్-6 ఇదే పనిని రెండు క్యారియర్లను కలిపి చేస్తుంది కాబట్టి 300 అవుతుంది. దీన్నే క్యారియర్ అగ్రిగేషన్ అంటారు. అప్‌లోడ్ మాత్రం రెండింటికీ 50 మెగాబిట్లే.

అయితే కలపడానికి టవర్ దగ్గర రెండు క్యారియర్లు ఉండాలి కదా! రౌటర్ సెట్టింగులు తెరిస్తే మా ఊళ్లో కనిపించింది బ్యాండ్ 8 ఒక్కటే, అంటే 900 మెగాహెర్ట్జ్. వెడల్పు 5 మెగాహెర్ట్జ్. ఆ వెడల్పుకు రెండు యాంటెన్నాల క్యాట్-6 మోడెమ్‌కైనా హద్దు సుమారు 37 మెగాబిట్ల దగ్గరే. దానికితోడు రౌటర్‌ను ఇనుప బీరువా పక్కన గూట్లో పెట్టాం. సిగ్నల్ నాణ్యతను తెలిపే ఎస్‌ఐఎన్‌ఆర్ 2 డెసిబెళ్లు ఉండగా, మేడ మీది కిటికీలోకి మార్చగానే 18కి పెరిగి, వేగం 22 మెగాబిట్లకు చేరింది. సిగ్నల్ శుభ్రంగా ఉంటే టవర్ ఒక్కో సంకేతంలో 6 బిట్లు పంపగలదు, గజిబిజిగా ఉంటే 2 బిట్లకే పరిమితమవుతుంది.

మా బాపు బావి మోటరుకు పెట్టించుకునే సిమ్ స్టార్టర్ డబ్బాకైతే ఈ వేగాలేవీ అక్కర్లేదు. మోటరు ఆన్ అయిందా, కరెంటు ఉందా అన్న నాలుగు ముక్కల సమాచారానికి క్యాట్-1 ఎక్కువే. ఒకే యాంటెన్నాతో పనిచేసే క్యాట్-1 బిస్ ఉన్నది ఇలాంటి వాటికోసమే.

ఆ తర్వాత క్యాట్-6ను హన్మకొండలోని అక్క ఇంటికి ఇచ్చాను, అక్కడ బ్యాండ్ 3, బ్యాండ్ 1 రెండూ కలిసి కనిపించాయి. ఊరికి క్యాట్-4 కొని అదే కిటికీలో పెట్టాను. వేగం అవే 22 మెగాబిట్లు.